తాడు పట్టుకున్న మనిషి

“ఇది మా ఆయన కాదు” అన్న దీవెనమ్మ మాట దగ్గర కిందటి వారం మనం ఆగాం. ఆ మాట ఎక్కడ, ఎందువల్ల పుట్టిందో ఒకసారి తలచుకోవాలి. తరువాత జరిగినదంతా దానిలోంచే వచ్చింది.

దయానందం 2003 మే నెలలో గఢ్వాల్‌లోని హంసకూటం మీద, విరిగిపడిన మంచు కింద కనబడకుండా పోయారు. దేహం దొరకలేదు. ఉక్కు కర్మాగారంలో పొగగొట్టాల ఎత్తున తాళ్ళతో బరువులు ఎక్కించే రిగ్గరు ఆయన. సెలవు పోగుచేసుకుని హిమాలయాలకు వెళ్ళేవారు. సెలవు లేని ఆదివారాల్లో గోపాలపట్నం వెనక కొండరాతి మీద, అడిగిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ తాడు కట్టడం నేర్పేవారు. సముద్రపు ఒడ్డున చెమటలో పుట్టి చెమటలో పెరిగే ఈ ఊరి నుంచి, ఆయన తరువాత మంచుకొండలు ఎక్కినవాళ్ళందరూ ఆ రాతి దగ్గర ఆయన చేతి కింద తయారైనవాళ్ళే. వార్త అందిన ఆదివారం ఆ శిష్యులు అక్కడే చేరారు. పైనుంచి తాళ్ళు కిందికి వదిలారు. ఒక్కరూ ఎక్కలేదు. పొద్దు వాలేదాకా ఎదురుగా కూర్చుని, గాలికి ఆ తాళ్ళు రాతిని రాసుకునే చప్పుడు వింటూ ఉండిపోయారు.

దేహం లేదు కనుక భూస్థాపన జరగలేదు. చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు, పాటలు పాడారు, పాస్టరుగారు మంచి మాటలు చెప్పారు. కాని సమాధుల పండుగనాడు ఊళ్ళోని క్రైస్తవ కుటుంబాలన్నీ కొవ్వొత్తులూ పూలూ పట్టుకుని తమ వాళ్ళ దగ్గరికి వెళుతుంటే ఆయన భార్య దీవెనమ్మ గుమ్మంలో కూర్చుని ఉండిపోయింది. సముద్రతీరపు రోడ్డు మీద కంచు విగ్రహం పెడతామని స్మారక సంఘం వచ్చి అడిగినప్పుడు ఆమె ఒప్పుకోవడానికి కారణం అది. ఆమెకు గౌరవం అక్కర్లేదు. వెళ్ళి నిలబడడానికి ఒక చోటు కావాలి.

విగ్రహానికి ఆధారం ఏమిటన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. ఆ ఫొటో ఊరందరికీ తెలుసు. 1996లో హంసకూట శిఖరాన తీసినది: పైకెత్తిన చేతిలో ఆయన నడిపే పర్వతారోహణ క్లబ్బు జెండా, రెండో చేతిలో మంచులో దిగగొట్టే ఐస్ ఆక్సు, ముఖాన నల్లద్దాలు, మూతికి మఫ్లరు, ఈకలు దట్టించిన బరువైన కోటు. పేపర్లో నలుపు తెలుపుల్లో అచ్చయిన ఆ బొమ్మ టీ దుకాణాల గోడల మీదికీ, వ్యాయామశాలల తలుపుల మీదికీ ఎక్కింది. సబ్బవరంలో శిల్పశాల నడిపే గవర్రాజు, మట్టి నమూనా పూర్తయ్యాక, కోటు మడతలు స్పష్టంగా చూడాలని అసలు నెగెటివు అడిగాడు. దీవెనమ్మ పెట్టె అడుగున ఉన్న నెగెటివును రంగుల్లో, తలుపంత పెద్దగా మొదటిసారి అచ్చువేయించారు. ఆ అచ్చు ముందు నిలబడే ఆమె ఆ మాట అన్నది.

*

రేకుల షెడ్డులో ఏప్రిల్ ఎండ తడిమట్టి వాసనను మరింత చిక్కన చేసింది. ఆ మాట విన్నవాళ్ళు ముగ్గురు. పోర్టులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన కృష్ణా జిల్లా మనిషి, స్మారక సంఘం అధ్యక్షుడు నీలకంఠం. శిల్పి గవర్రాజు. మూడోది గంగాభవాని. దయానందం శిష్యుల్లో పేరున్నది. బడిలో వ్యాయామ ఉపాధ్యాయిని. వచ్చే నెలలో దేహాన్ని వెతకడానికి హంసకూటానికి బయలుదేరబోతున్న జట్టుకు నాయకురాలు. ఆమెతో వచ్చిన తండ్రి వీరన్న టీ తేవడానికి రోడ్డు మీదికి వెళ్ళాడు.

నీలకంఠం ముందుగా తేరుకున్నారు.

“అమ్మా, దీవెనమ్మగారూ! ఇలా కూర్చోండి. ఏడాది కావస్తోంది కదా, ఒక్కసారి అంత పెద్దగా చూసేసరికి మనసు తట్టుకోలేదు. మా ఆవిడ పోయినప్పుడు నాకూ ఇంతే. ఫొటోలో మనిషి మనిషిలా కనపడదు.”

“నీలకంఠంగారూ, నాను నర్సుని. ముసుగు తీసి సూపించి ‘ఈడు మీవోడేనా’ అని ఎంతమందిని అడిగానో నాకే గుర్తులేదు. ఆనవాలు పట్టడం నాకు కొత్తేటి?”

“అది కాదమ్మా...”

“ఆ సెయ్యి సూడండి. జెండా ఎత్తింది ఏ సెయ్యి? కుడిసెయ్యి. మా ఆయనది ఎడం సేతివాటం. అన్నం తినడం ఒక్కటీ వాళ్ళమ్మ కొట్టి మానిపించింది గాని, మిగతావన్నీ ఎడంసేత్తోనే. పేపరు బొమ్మలో ఇన్నేళ్ళూ నాను గమనించనేలేదు.”

నీలకంఠం ముఖంలో వెలుతురు వచ్చింది. “అదా! నెగెటివు తిరగేసి కడిగుంటారు. మా అమ్మాయి పెళ్ళి ఫొటోలు కడిగినవాడు ఇలాగే తిరగేసి అల్లుణ్ణి పెళ్ళికూతురి చోట నిలబెట్టాడు.”

గవర్రాజు అచ్చు దగ్గరకు వంగి చూసి, తల గోక్కున్నాడు. “తిరగెయ్యలేదండి. జెండా మీద క్లబ్బు పేరు సరిగ్గానే ఉన్నాది. తిరగేత్తే అచ్చరాలు అద్దంలోలాగ పడాల కదండీ.”

“పోనీ, ఐస్ ఆక్సు ఉంది కదయ్యా రెండో చేతిలో. అంత ఎత్తున ప్రాణం నిలబెట్టేది ఆ గొడ్డలే. వాటమైన చెయ్యి దానికిచ్చి, జెండా రెండో చేత్తో ఎత్తుంటాడు.”

ఇది సమంజసమైన వాదమే. దీవెనమ్మ కూడా ఒక్క క్షణం దానిని తూచి చూసింది. అందుచేతనే ఆమె చేతుల మాట అక్కడితో వదిలిపెట్టి, అచ్చుకు మరింత దగ్గరగా జరిగి, కోటు టోపీ అంచున, నుదుటికి పైగా కనిపిస్తున్న సన్నని పసుపుపచ్చని గీత మీద వేలు పెట్టింది.

“ఇదేటి?”

“లోపలి టోపీ అనుకుంటానమ్మగోరూ. ఊలుది,” అన్నాడు గవర్రాజు.

“ఊలుదే. నానే అల్లాను.”

అల్లడం ఆమెకు కూనూరు నుంచి వచ్చిన ఒక తోటి నర్సు నేర్పింది. ఆ ఏడు, యాత్రకు ముందు, ఆమె రెండు టోపీలు అల్లడానికి కూర్చుంది. పూర్ణా మార్కెట్టు దగ్గర ఊలు అమ్మే దుకాణం ఒక్కటే ఉండేది. అందులో ముదురు ఎరుపు ఊలు ఒక టోపీకి చాలింది, రెండోదానికి చివర చాలలేదు. మళ్ళీ ఎప్పుడొస్తుందని అడిగితే దుకాణదారు నవ్వి, “ఇశాపట్నంలో ఊలెవుడు కొంటాడమ్మా? మీరే మొదులు, మీరే ఆకరు” అన్నాడట. చేసేదిలేక రెండో టోపీ అంచు పసుపుపచ్చ ఊలుతో ముగించింది. పేపరు బొమ్మలో ఎరుపూ పసుపూ ఒకే బూడిదరంగు. పైగా మంచుబట్టలు కళ్ళతో చూసి ఎరగని ఊరికి, ఆ బట్టల్లో ఉన్న మనుషులందరూ ఒక్కలాగే కనబడతారు. రంగు తేలడానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

“మొత్తం ఎర్రగా ఉన్నది ఆయనకిచ్చాను. పసుపు అంచుది...” దీవెనమ్మ వెనక్కి తిరిగింది. “పసుపు అంచుది ఎవరికిచ్చానో నువ్వే సెప్పు పిల్లా.”

గంగాభవాని తడిగుడ్డల కుప్ప పక్కన నిలబడి ఉంది. మట్టి బొమ్మ ఎండిపోకుండా కప్పిన గుడ్డ ఆమె చేతుల్లోనే ఉంది. అది నేల మీదికి జారింది.

“నాకే ఇచ్చారమ్మా,” అంది.

*

ఎదురుగా నిలబడిన ఏడడుగుల మట్టిమనిషి తన బొమ్మేనని గంగాభవానికి మొదటి నుంచీ తెలుసు. నోరు విప్పకపోతే, ఆ పెద్దమనిషి చోట ఊరు తనకు దండలు వేస్తుంది, దీవెనమ్మ వచ్చి తన బొమ్మ ముందు కొవ్వొత్తి వెలిగిస్తుంది. నోరు విప్పితే దయానందం మాట తప్పినవారవుతారు. ఎవరికి ఇచ్చిన మాటో ఆ మనిషి టీ గ్లాసులు పట్టుకుని ఏ నిమిషాన్నయినా లోపలికి రావచ్చు. నెలరోజులుగా ఆమె నిద్ర ఈ రెండింటి మధ్యే నలుగుతోంది. ఇప్పుడు ఒక దారి మూసుకుపోయింది.

“అంటే పైనున్నది నువ్వా?” నీలకంఠం అచ్చుకేసీ ఆమెకేసీ మార్చి మార్చి చూశారు. “నువ్వు బేస్ క్యాంపులో కదమ్మా ఉన్నావు! వంట సామాన్లూ వైర్‌లెస్సూ చూసుకోవడానికి. పేపర్లో అలాగే రాశారు. ఫొటో తీసింది ఆయనతో పైకి వెళ్ళిన జాక్సన్ అని కదా అందరం...”

“జాక్సనన్న తీశాడని పేపరువాళ్ళే అనుకున్నారు సార్. అన్న ఆ నెల్లోనే ఓడ ఉద్యోగానికి విదేశం పోయాడు. అడగడానికి ఎవరూ దొరకలేదు.”

“మరి దయానందంగారు ఎందుకు చెప్పలేదు?”

“చెప్పారు సార్. అడిగిన ప్రతిసారీ చెప్పారు. ‘మా తాడు ఎక్కింది’ అన్నారు.”

దయానందం దగ్గర నేర్చుకున్నవాళ్ళకు ఇందులో చిత్రం ఏమీ లేదు. ఆయన క్లబ్బులో ‘నేను ఎక్కాను’ అనకూడదు. ఒక తాడుకు ఈ చివర ఒకరూ ఆ చివర ఒకరూ కట్టుకుంటారు. ఒకరు కదులుతుంటే రెండోవారు కాళ్ళు తన్నిపెట్టి తాడు పట్టుకుంటారు. అందువల్ల ఎక్కేది తాడే. పొరపాటున ‘నేను’ అన్నవాడు ఆ రోజు తాళ్ళన్నీ భుజాన వేసుకుని గోపాలపట్నం బస్టాపు దాకా ఒక్కడే మోయాలి, మిగతావాళ్ళు వెనక ఈలలు వేస్తూ నడుస్తారు. ఢిల్లీలోని పర్వతారోహణ సంస్థకు పంపిన నివేదికలో ఆయన రాసిన వాక్యం అదే, రైలు దిగగానే విలేఖరులతో అన్న మాట అదే. విన్నవారు దానిని వినయం అనుకుని, ‘దయానందం ఎక్కాడు’ అని సరిదిద్దుకున్నారు.

“కూర్చుని సెప్పు,” అంది దీవెనమ్మ. “మొదట్నుంచి సెప్పు.”

గంగాభవాని కూర్చోలేదు.

“పై క్యాంపులో జాక్సనన్నకి ఊపిరి పట్టేసిందమ్మా. వైర్‌లెస్సులో సార్ చెప్పగానే మందులపెట్టె తీశాను. మందు పోర్టరు తీసుకెళ్ళగలడు గాని, ఇంజెక్షను ఎవరు చేస్తారు? మీరే కదా మీ వంటింట్లో బొప్పాయికాయ మీద నాకు సూది పొడవడం నేర్పింది.”

“నేర్పాను,” అంది దీవెనమ్మ నెమ్మదిగా. ఆ చిన్న పని ఎంతదూరం వెళ్ళిందో ఆమెకు ఇప్పుడే తెలుస్తోంది.

“పోర్టరుతో కలిసి పైకి వెళ్ళాను. సూది వేశాను. అన్న నిలబడగానే పోర్టరు ఆయన్ని ఒక తాడు మీద దింపుకుపోయాడు. రెండో తాడు మీద నేనూ సారూ దిగాలి. తెల్లారేసరికి గాలి ఆగిపోయిందమ్మా. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. సార్ శిఖరం కేసి చూశారు, నా కేసి చూశారు, ఏమీ అనకుండా దిగడానికి తాడు చుట్టడం మొదలుపెట్టారు. నేనే అన్నాను. ‘ఒక్కరు ఎక్కకూడదంటారు కదా సార్, ఇప్పుడు ఇద్దరం ఉన్నాం’ అని. ‘మీ నాయనకి మాటిచ్చాను, నువ్వు బేస్ క్యాంపు దాటవని’ అన్నారు. ‘మీరు దాటించలేదు సార్, జాక్సనన్న దగ్గు దాటించింది’ అన్నాను.”

గవర్రాజు నవ్వాపుకోలేక దగ్గాడు. దీవెనమ్మ పెదవి కూడా కదిలింది.

“నవ్వారమ్మా. నవ్వి, ‘ఆ మాటలో రెండో సగం ఉన్నాది. నిన్ను ప్రాణాలతో తెచ్చి అప్పజెప్తానన్నాను. అది మాత్రం ఎవుడి దగ్గూ దాటించలేదు’ అన్నారు. అప్పుడు తాడు కట్టుకున్నాం.”

ఆ పైన జరిగినది ఆమె చేతులతో చూపిస్తూ చెప్పింది. హంసకూటం కొన మీద గాలి మంచును ఇంటి చూరులాగ శూన్యంలోకి పెంచుకుంటూ పోతుంది. చూడడానికి గట్టినేలలా ఉంటుంది, కింద ఏమీ ఉండదు. దాని మీదికి ఒక్కరే వెళ్ళాలి. రెండోవారు దానికి ఇవతల, గట్టిమంచులో ఐస్ ఆక్సు దిగగొట్టి, తాడు దానికి చుట్టి, కూర్చుని పట్టుకోవాలి. చూరు విరిగితే పైమనిషిని నిలబెట్టేది ఆ తాడు ఒక్కటే.

“తేలికైన మనిషి ముందు అన్నారు సార్. వెళ్ళాను. పదడుగులు ఉంటుందేమో. జెండా ఎత్తాను. సార్ కింద నుంచి ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చేత్తో మెడలో కెమెరా నొక్కారు. వెనక్కి వచ్చేశాను. గొడ్డలి దిగగొట్టి, తాడు చుట్టి, ‘ఇప్పుడు మీరెళ్ళండి సార్, నేను పట్టుకుంటాను’ అన్నాను.”

బయట లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

“నా ముడి పట్టుకుని ఒకసారి గుంజి చూశారు. గొడ్డలిని కదిపి చూశారు. ఆయనేమో అంత బరువు మనిషి. నేనేమో అప్పటికి ఊదితే ఎగిరిపోయేలా ఉన్నాను. చూరు విరిగితే నేను ఆపలేనమ్మా. ఆయనతోపాటు నేనూ పోతాను. ఆ లెక్క ఆయన కళ్ళల్లో జరిగిపోవడం నేను చూశాను. కొన కేసి ఒక్కసారి చూసి, ‘మన తాడు ఎక్కేసింది భవానీ, పద’ అన్నారు. అంతే.”

*

“అంటే,” అన్నారు నీలకంఠం. చెమట తుడుచుకోవడం మరచిపోయారు. “ఆయన శిఖరం మీద కాలు పెట్టలేదా?”

“లేదు సార్.”

“శిలాఫలకం చెక్కించేశామమ్మా! ‘హంసకూట శిఖరాన నిలిచిన తొలి తెలుగువాడు’ అని. ఆవిష్కరణకు పెద్దల్ని కూడా పిలిచేశాం. ఇవాళ నువ్వు...” ఆయన షెడ్డులో అటూ ఇటూ నడిచారు. ఆయనది దురుద్దేశం కాదు. దయానందం పేరు మీద ఆయనకున్న ప్రేమే ఆయనను కంగారు పెడుతోంది. “వినండి. ఈ మాట ఈ షెడ్డు దాటకూడదు. రేపు పేపరువాడు ‘అబద్ధపు శిఖరం’ అని రాస్తాడు. ఆయన్ని చూసి కొండలెక్కిన పిల్లలంతా ఏమైపోతారు? చచ్చిపోయినవాడు లేచొచ్చి జవాబు చెప్పుకోలేడు కదా!”

“జవాబు సెప్తానే ఉన్నాడు నీలకంఠంగారూ. మనం ఇన్లేదు.”

దీవెనమ్మ అచ్చు వదిలిపెట్టి మట్టిబొమ్మ దగ్గరకు వెళ్ళింది.

“పిల్లలు ఈ ఫొటో పట్టుకుని సంతకం ఎట్టమని మా ఇంటికొచ్చీవోరు. ఒక్కసారైనా ముందుపక్క ఎట్టాడేటి? తిరగేసి ఎనకాల ఎట్టీవోడు. నాను ఎటకారం సేసేదాన్ని, ‘నీ మొకం మీద నువ్వు రాసుకోడానికి సిగ్గేటి’ అని. ‘నా జాగా ఎనకాలేనే దీవెనా’ అనీవోడు. గొప్పోడికి అణకువ ఎక్కువ అనుకున్నాను. కాదు. ఉన్నదున్నట్టే సెప్పాడు. ఫొటో ఎనకాల ఉన్నవోడు ఆయనే.”

ఆమె తల ఎత్తి బొమ్మ చేతిలోని మట్టిజెండా వైపు చూసింది.

“కొనకి పదడుగుల ఇవతల ఆగిపోయాడంటారు. ఆగిపోయాడు. మా పెళ్ళయిన కాడ్నించి ఆ కొండ ఒక్కటే ఆయన నోట్లో. అలాటి మనిషి, ఎదురుగుండా పెట్టుకుని, సెయ్యి సాపితే అందేదాన్ని, ఒక ఆడపిల్ల ప్రాణం కోసం వొగ్గీసి దిగొచ్చాడు. దిగొచ్చి ఇన్నేళ్ళూ నా పక్కన అన్నం తిన్నాడు, ఒక్కసారీ మొకం సిన్నబుచ్చుకోలేదు. ఎక్కినోళ్ళు బోల్డుమంది ఉంటారు బాబూ.” చివరి మాటలు గవర్రాజు వైపు తిరిగి అంది. “ఆ జెండా సెయ్యి తీసెయ్యి.”

“అమ్మగోరూ?”

“తీసెయ్యి. రెండు సేతులూ ముందుకెట్టు. తాడు పట్టుకోవాల. మొకం పైకెత్తి సూత్తన్నట్టు ఉండాల. మనిషిని కూకోబెట్టగలవేటి?”

“కూకోబెట్టాలంటే మొత్తం తియ్యాలండి. మోకాలొంచి తన్నిపెట్టి నిలబడ్డట్టు సెయ్యగలను.” గవర్రాజు అప్పటికే బొమ్మ చుట్టూ తిరుగుతున్నాడు. “కాని లోన ఇనప సువ్వ ఉన్నాది. రంపంతో కొయ్యాల.”

“కొయ్యి.”

“అమ్మా!” నీలకంఠం చేతులు జోడించారు. “తాడు పట్టుకుని పైకి చూసే విగ్రహం పెడితే, పైనున్నది ఎవరని ఊరు అడగదూ? ఏం చెబుతాం?”

“అది సెప్పవలసింది నాను కాదు, మీరూ కాదు.” దీవెనమ్మ గంగాభవాని భుజం మీద చేయి వేసింది. “సెప్తావేటి?”

గంగాభవాని కళ్ళు గుమ్మం వైపు పోయాయి. “ఊరికి చెప్తానమ్మా. మా నాన్నకి ఎలా చెప్పను? రైలు దిగిన రోజు ప్లాట్‌ఫారం మీద సార్ కాళ్ళ మీద పడిపోయాడు, ‘మాట నిలబెట్టుకున్నావు మేస్టారూ’ అని. సార్ నిజం చెప్పడానికి నోరు తెరిచారు. నేనే వద్దని కళ్ళతో బతిమాలాను. ‘నువ్వు చెప్పే రోజు నువ్వే చెప్పు, అందాకా ఈ జాగా నేను కాస్తాను’ అన్నారు. ఊరంతటికీ ఆయన గొప్ప పర్వతారోహకుడు. మా నాన్నకి మాట తప్పని మనిషి. ఆ ఒక్కటీ నేను ఎలా తీసెయ్యను?”

“తియ్యక్కర్లేదు.”

గుమ్మంలో వీరన్న నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో, చేతిలోని పళ్ళెంలో టీ గ్లాసుల మీద మీగడ తొరకలు కట్టింది. అతను లోపలికి వచ్చి, పళ్ళెం బల్ల మీద పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

“సల్లారిపోయింది. ఏటనుకోకండి.”

“నాన్నా...”

“నాకు తెలుసే గుంటా. రైలు దిగిన మర్నాడే తెలుసు.”

పోర్టులో క్రేను నడిపే మనిషి వీరన్న. రోజంతా ఎత్తున కూర్చునేవాడు కనుక, పడిపోవడం అంటే ఏమిటో అతనికి కళ్ళు మూసుకున్నా కనబడుతుంది. కూతురు కొండలెక్కడానికి అతను అడ్డుపడిన కారణం అది. మాట తీసుకున్న కారణం కూడా అదే.

“షిప్టు దిగి గేటు కాడికొచ్చాను. మేస్టారు ఎండలో నిలబడున్నాడు. ‘వీరన్నా, నీకిచ్చిన మాట సగం తప్పాను, సగం నిలబెట్టాను. తప్పింది నాను, గుంటని ఒక్కమాట అనకు’ అన్నాడు. మొత్తం సెప్పీసాడు, ఇప్పుడు ఇది సెప్పినట్టే. నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. నిలబడి తిట్లు తిన్నాడు. నెల్లాళ్ళు మొకం సూళ్ళేదు నాను.” వీరన్న దీవెనమ్మ వైపు చూశాడు. “తరవాత ఒక ఆదోరం కొండకాడికెల్లి దూరంగా కూకున్నాను. ఇది పైనెక్కుతంటే ఆయన కింద తాడట్టుకుని ఉన్నాడమ్మగోరూ. కన్ను ఆర్పలేదు. ఒక పిల్లడు మంచినీల్లిత్తే కూడా తాగలేదు, తాడు వొగ్గాలి కదా. ఆ రోజు నా బయ్యం పోయింది.”

“మరి నాతో ఎందుకు అనలేదు నాన్నా?”

“నువ్వు సెప్తావని సూత్తన్నాను. ఎనిమిదేళ్ళు సూసాను.”

గంగాభవాని తండ్రి దగ్గరకు వెళ్ళలేదు. ఉన్నచోటనే తడిగుడ్డల కుప్ప మీద కూర్చుండిపోయి, ముఖం రెండు చేతుల్లో పెట్టుకుంది. ఆ భుజాలు ఎగసిపడడం చూసి నీలకంఠం కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గవర్రాజు ఏం చేయాలో తోచక, చెప్పిన పనే మొదలుపెట్టాడు. జెండా చేతి మోచేయి దగ్గర మట్టి గీకి, ఇనుపచువ్వ మీద రంపం పెట్టాడు. ఆ గరగర శబ్దం మధ్య గంగాభవాని మాట సరిగా వినిపించలేదు. మళ్ళీ చెప్పింది.

“నేను ముందే చెప్పుంటే ఆయన ఉండేవారమ్మా.”

“ఏటది?”

“ఊరంతా ఆయన్ని శిఖరం ఎక్కినవాడు అంటుంటే, ఎక్కలేదని ఆయనకి తెలుసు. ఆ పదడుగులూ ఆయన్ని వదల్లేదు. ఆ వయసులో మళ్ళీ అక్కడికే ఎందుకు వెళ్ళారు? నా అబద్ధాన్ని నిజం చెయ్యడానికే వెళ్ళారు.”

దీవెనమ్మ ముఖం పాలిపోయింది. ఏడాదిగా ఆమె ఎవరినీ అడగని ప్రశ్న అది. యాభైకి దగ్గరపడిన మనిషి, అన్ని కొండలుండగా, ఆ కొండకే రెండోసారి ఎందుకు వెళ్ళాడు? ఈ పిల్ల చెప్పిన జవాబు ఎక్కడా తప్పుపట్టడానికి వీలులేకుండా ఉంది. కారణానికీ ఫలితానికీ మధ్య ముడి గట్టిగా పడినట్టే ఉంది. ఆమె ఆ ముడిని నమ్మడానికి సిద్ధపడుతోంది.

“కాదు,” అన్నాడు వీరన్న.

అతను వచ్చి మట్టిబొమ్మకూ కూతురికీ మధ్య నిలబడ్డాడు.

“ఆ పదడుగుల కోసం కాదు. ఎందుకెల్తన్నాడో నాకు సెప్పే ఎల్లాడు. ఆ గేటు కాడే. ఎవరికీ సెప్పొద్దని సేతిలో సెయ్యేయించుకున్నాడు. ‘నీ కూతురు తన నోటితో నిజం సెప్పేదాకా నీ నోరు కట్టెయ్ వీరన్నా, ఆ తరవాత మాత్రం దీవెనకి సెప్పు’ అన్నాడు. ఇయాల ఇది సెప్పింది. నా నోరిప్పుడు ఇడుదలయ్యింది.”

కోసిన చేయి జెండాతో సహా నేల మీద పడింది. ఆ చప్పుడుకు ఎవరూ అటు తిరగలేదు.

“సెప్పు వీరన్నా,” అంది దీవెనమ్మ.

“మేస్టారు ఈసారి ఆ కొండ ఎక్కడానికి ఎల్లలేదమ్మగోరూ.”

(తరువాయి వచ్చే వారం)